షేడు కలపడానికి కారు భాగాన్ని విప్పి తీసుకెళ్లడం ఎలా?

తలుపు మీద లోతైన గీత పడింది. లేదా బంపర్ మూల చెక్కుకుపోయింది. కారు మొత్తాన్ని షెడ్డులో వదిలిపెట్టేంత పని కాదు, సరైన రంగు చిన్న డబ్బాలో కలిపించుకుంటే సరిపోతుంది. అయితే పెయింట్ కలిపే దుకాణానికి వెళ్లి ‘సిల్వర్ కావాలి’ అంటే ఎవరూ ఏమీ చేయలేరు. కంపెనీ రంగు కోడ్ చెబితే ఆ రంగుకు దగ్గరగా వెళ్లవచ్చు. కారు నుంచి విప్పిన చిన్న భాగాన్ని వారి చేతికిస్తే ఇప్పుడు మీ కారు మీద ఉన్న అసలు షేడునే పట్టుకోవచ్చు. ఏ భాగం విప్పాలి, విరగకుండా ఎలా తీయాలి, దుకాణంలో ఏమి అడగాలి, తిరిగి ఎలా బిగించాలి అన్నవి వరుసగా చూద్దాం.

ముందు కోడ్ రాసుకోండి

భాగం తీసుకెళ్తున్నా కోడ్ అవసరమే. వేల ఫార్ములాల్లో ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేది అదే. డ్రైవర్ తలుపు తెరిచి, తలుపు మూసినప్పుడు ఆనుకునే స్తంభం మీద చూడండి. అక్కడ లేకపోతే బానెట్ కింద, అక్కడా లేకపోతే డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట దగ్గర వెతకండి. ఫోక్స్‌వ్యాగన్ కార్లలో చాలావాటికి ఆ స్టిక్కర్ డిక్కీలోనే ఉంటుంది. టయోటా కార్ల పలక మీద ‘సి/టీఆర్’ (C/TR) అనే అక్షరాలు కనిపిస్తాయి. వాటి పక్కన మొదట ఉన్నది బయటి రంగు కోడ్, గీత తర్వాత ఉన్నది లోపలి సీట్ల, ట్రిమ్ కోడ్. రెండూ కలిపి చదివి తికమక పడేవారు చాలామంది. రాసుకోవడం కన్నా ఫోనులో ఫొటో తీసుకోవడం మంచిది. ఇంగ్లీషు ‘ఓ’ అక్షరం సున్నాలా కనిపించి వేరే రంగుకు దారి తీయవచ్చు.

కోడ్ ఉండగా భాగం ఎందుకు అంటారా? ఒకే కోడ్ ఉన్న రంగును వేర్వేరు ఫ్యాక్టరీల్లో, వేర్వేరు సరఫరాదారుల పెయింటుతో, కొన్నేళ్లపాటు వేస్తారు. ప్రతి విడతలోనూ కొద్దిపాటి తేడా వస్తుంది. అందుకే పెయింట్ కంపెనీలు ఒక్కో కోడ్‌కు ఒక ప్రధాన ఫార్ములాతో పాటు కొన్ని వేరియంట్లు కూడా ఉంచుతాయి. ఒకటి కాస్త పసుపు వైపు, ఒకటి కాస్త నీలం వైపు, ఇంకొకదానిలో మెటాలిక్ రేకులు (మెరుపు కోసం పెయింటులో కలిపే సన్నటి లోహపు రేకులు) కాస్త పెద్దవి. ఆ పైన ఎండ, వాన, కడగడం, పాలిష్ చేయడం అన్నీ కారు రంగును మెల్లగా జరుపుతూ ఉంటాయి. కారు ఏ రంగుతో ఫ్యాక్టరీ నుంచి బయలుదేరిందో చెప్పడం వరకే కోడ్ పని. మధ్యలో ఎవరైనా రీపెయింట్ చేయించి ఉంటే కోడ్‌ను పెద్దగా నమ్మలేం. పెయింట్ మందం కొలిచే పరికరం దొరికితే చూడండి. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దగ్గర ఉంటుంది. ఒక ప్యానెల్ మీద మాత్రం 200 దాటి చాలా ఎక్కువ చూపిస్తే దాన్ని ఎప్పుడో మళ్లీ వేశారని అనుమానించాలి.

ఏ భాగం?

చాలా కార్లకు సమాధానం ఒకటే. ఇంధనం పోసే చోట, బాడీ రంగులో ఉండే చిన్న తలుపు. ఇక్కడ దాన్ని లిడ్ అందాం, లోపల తిప్పి తీసే నల్లదాన్ని మూత అందాం. లిడ్ చిన్నది, దాదాపు చదునుగా ఉంటుంది, విప్పడం తేలిక, అది లేకపోయినా కారు నడుస్తుంది. పక్క ప్యానెళ్లతో పాటే ఎండా వానా చూసింది కాబట్టి వాటితో సమానంగా వయసు మళ్లి ఉంటుంది.

అయినా కళ్లు మూసుకుని లిడ్ విప్పకండి. మీరు రంగు వేయబోయే చోటుకు అది నిజంగా ప్రతినిధేనా అన్నది ముందు తేల్చుకోవాలి. కారు పక్కభాగాల కన్నా బానెట్, పైకప్పు ఎక్కువ ఎండ తింటాయి. బానెట్ మీద వేయాల్సిన రంగును పక్కనున్న లిడ్‌తో కలిపితే తేడా రావచ్చు, ముఖ్యంగా పాత ఎర్ర కార్లలో. కొన్ని మోడళ్లలో లిడ్ ప్లాస్టిక్‌ది, దానికి రంగు విడిగా వేస్తారు. అలాంటప్పుడు కొత్త కారులోనే చుట్టూ ఉన్న లోహానికీ దానికీ పిసరంత తేడా ఉండవచ్చు. అయస్కాంతం పెడితే లోహమో ప్లాస్టిక్కో కొంతవరకు తెలుస్తుంది, అల్యూమినియం మాత్రం అంటుకోదు. లిడ్ అంచుల కింద ఇంధనం కారి మరకలు పట్టి ఉంటే ఆ చోటును కొలతకు వాడవద్దని దుకాణంలో చెప్పండి. రక్షణ ఫిల్మ్ అతికించి ఉంటే ఆ లిడ్ పనికిరాదు. ఫిల్మ్ పచ్చబడితే కొలత కూడా పచ్చబడుతుంది.

మిగతా భాగాల సంగతి. బంపర్‌లో టోయింగ్ కొక్కెం కోసం పెట్టే చిన్న బిళ్ల తేలికగా ఊడుతుంది కానీ నేను దాన్ని సిఫారసు చేయను. అది మరీ చిన్నది, వంపుగా ఉంటుంది, రంగు కొలిచే యంత్రానికి ఆనడానికి చదునైన చోటు ఉండదు. అద్దం వెనక కప్పు విప్పాలంటే చాలా కార్లలో ముందు అద్దం తీయాలి. అద్దం వెనక వేడి చేసే తీగలు ఉండవచ్చు, క్లిప్పులు పెళుసుగా ఉంటాయి. అలవాటు లేకపోతే జోలికి పోవద్దు. డోర్ హ్యాండిల్ చేతులు తగిలి తగిలి గీతలు పడి ఉంటుంది. బంపర్ ప్లాస్టిక్, తరచుగా దానికి రంగు వేరే చోట వేస్తారు, ఫెండర్‌కూ (ముందు చక్రం పైన ఉండే ప్యానెల్) దానికీ తేడా కొత్తలోనే కనిపించే కార్లు ఉన్నాయి. బంపర్ మీద ఒక మూల మాత్రమే సరిచేస్తుంటే షేడు బంపర్‌తో కలవాలి. బంపర్ మొత్తం వేస్తుంటే పక్కనున్న ఫెండర్‌తో కలవాలి, చూసేవారి కన్ను పడేది ఆ రెండింటి మధ్య గీత మీదే కదా.

తలుపు లోపలి అంచు, బానెట్ అడుగుభాగం ఎండ తగలకుండా కొత్తగా మెరుస్తూ ఉంటాయని వాటితో కలపమనేవారు ఉంటారు. వద్దు. అక్కడ కోట్లు పలుచగా వేస్తారు, కొన్నిచోట్ల క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శక పొర) కూడా సరిగా ఉండదు. రంగు బయటి రంగులా ఉండదు.

విప్పే ముందు కడగండి

షాంపూతో కడిగి, ఆరబెట్టి, మైనం పొర ఉంటే తీసేయండి. తర్వాత సన్నటి పాలిష్‌తో చేత్తోనే లిడ్‌ను రుద్దండి. పైన పేరుకున్న వెలిసిన పొర పోయి అసలు రంగు బయటపడుతుంది. మీరు రంగు వేయబోయే ప్యానెల్‌లో దెబ్బ తగలని చోట కూడా అదే పాలిష్ చేయాలి. రెండింటినీ ఒకే స్థితికి తేకుండా పోల్చితే పోలికే తప్పు. గరుకు రబ్బింగ్ కాంపౌండ్ వద్దు, అంచుల దగ్గర క్లియర్ కోట్ పలుచగా ఉంటుంది, క్షణాల్లో లోపలి రంగు తేలుతుంది. మ్యాట్ ఫినిష్ కారైతే పాలిష్ అసలు పెట్టకూడదు, మచ్చలా మెరుపు వస్తుంది, అది మళ్లీ పోదు.

పనిముట్లు ఎక్కువేమీ అక్కర్లేదు. మాస్కింగ్ టేపు, స్టార్ స్క్రూడ్రైవర్, 8, 10 మిల్లీమీటర్ల సాకెట్లతో చిన్న రాచెట్, కొన్ని కార్లకు ఆరు మొనల టార్క్స్ బిట్లు, ప్లాస్టిక్ పట్టీ లాంటి చిన్న మీటపుల్ల, మెత్తటి గుడ్డలు రెండు.

లిడ్ విప్పడం

ఇంధనం పోసే చోట పని చేస్తున్నామని మరచిపోవద్దు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది, కిందికి జారి నేల మీద పరుచుకుంటుంది. కారును ఆరుబయట, గాలి ఆడే చోట నిలపండి. ఇంజన్ ఆపి చల్లారనివ్వండి. దగ్గరలో నిప్పు, సిగరెట్, వేడిగాలి గన్ ఏదీ ఉండకూడదు. ప్లాస్టిక్ క్లిప్పులు మెత్తబడాలని వేడి చేసే అలవాటు కొందరికి ఉంటుంది, ఇక్కడ అది పనికిరాదు. కరెంటు డ్రిల్ కూడా వద్దు, చేతి పనిముట్లే వాడండి. ట్యాంకు నిండా పోయించిన వెంటనే ఈ పని పెట్టుకోకండి. మూత గట్టిగా బిగించి ఉందో లేదో చూసుకుని, పని అయ్యేవరకు దాన్ని అలాగే ఉంచండి.

ఎలక్ట్రిక్ కార్ల ఛార్జింగ్ తలుపు వేరే వ్యవహారం. దానికి మోటారు, తీగలు, లైటు ఉండే అవకాశం ఎక్కువ. ఆ కారు సర్వీసు పుస్తకంలో విప్పే పద్ధతి చూడకుండా చేయి పెట్టకండి. ఇంకో ప్యానెల్ ఎంచుకోండి, లేదా కారునే దుకాణానికి తీసుకెళ్లండి.

ఇక పని. కారు తాళం తీసి ఉంచి, లిడ్ తెరవండి. లిడ్ చుట్టూ ఉన్న బాడీ అంచుకు మాస్కింగ్ టేపు రెండు పొరలు అతికించండి. స్క్రూడ్రైవర్ జారితే గీత పడేది అక్కడే, ఒక షేడు కలపబోయి రెండో గీత తెచ్చుకోవడం ఎవరికి కావాలి? మూతకు తాడులాంటి ప్లాస్టిక్ పట్టీ ఉండి అది లిడ్‌కు తగిలించి ఉంటే నెమ్మదిగా ఊడదీయండి. మూత చుట్టూ ఉన్న గుంటలో గుడ్డ కుక్కండి, బోల్టు చేజారినా లోపలి సందుల్లోకి పోదు.

ఇప్పుడు లిడ్ ఎలా బిగించి ఉందో చూడండి. సాధారణంగా కనిపించే పద్ధతులు ఇవి.

రెండు స్క్రూలో బోల్టులో ఉండి, అవి కీలును బాడీకి పట్టి ఉంచుతాయి. ఇది సులభమైన పద్ధతి. విప్పే ముందు కీలు చుట్టూ సన్నటి పెన్సిల్ గీత గీయండి లేదా టేపు అంచు ఆనించండి, లేదా దగ్గరగా ఫొటో తీయండి. బోల్టు రంధ్రాలు కాస్త వదులుగా ఉంటాయి, తిరిగి పెట్టేటప్పుడు లిడ్ చుట్టూ సందు సమానంగా రావాలంటే ఈ గుర్తే ఆధారం. రెండు బోల్టులనూ ముందు కొద్దిగా వదులు చేసి, తర్వాత ఒక్కొక్కటిగా తీయండి. కీలు దగ్గర స్ప్రింగ్ ఉంటే ఒక చేత్తో లిడ్‌ను పట్టుకునే ఉండాలి, లేకపోతే ఎగిరి బాడీకి తగులుతుంది.

కీలు అలాగే ఉండి, లిడ్ మాత్రం దాని మీద క్లిప్పుతో కూర్చుని ఉండవచ్చు. లోపలి వైపు చిన్న ప్లాస్టిక్ నాలుక కనిపిస్తుంది. మీటపుల్లతో దాన్ని పైకెత్తి పట్టుకుని లిడ్‌ను పక్కకు జరపండి. బయటికి లాగకండి, జరపండి. రాకపోతే బలం పెట్టకుండా ఇంకో నాలుక ఉందేమో వెతకండి. చల్లని వేళ ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది కాబట్టి కారు కొంతసేపు ఎండలో నిలిచాక ఈ పని చేస్తే మేలు.

కొన్ని కార్లలో లిడ్, దాని వెనకున్న ప్లాస్టిక్ గిన్నె కలిసి ఒకే యూనిట్. దాన్ని తీయాలంటే ఇంధనం పోసే గొట్టం మెడ నుంచి రబ్బరు తప్పించాలి, అంటే మూత తీయక తప్పదు. మీకు అలవాటు ఉంటే సరే. లేకపోతే దాన్ని వదిలేసి కారుతోనే దుకాణానికి వెళ్లమంటాను. కీలు వెల్డింగ్ చేసి ఉన్నా, రివిట్ కొట్టి ఉన్నా అదే మాట.

తుప్పు పట్టిన బోల్టుకు తుప్పు వదిలే నూనె కొట్టాల్సి వస్తే గుడ్డకు కొద్దిగా అద్ది బోల్టుకు మాత్రమే తగిలించండి. నూనె, సిలికాన్ తుంపరలు రంగు వేయబోయే చోట పడితే పెయింట్ గుండ్రటి గుంటలు గుంటలుగా విడిపోతుంది. పెయింటర్లు దాన్ని ఫిష్ ఐ అంటారు.

దుకాణానికి బయలుదేరే ముందు

విప్పిన లిడ్‌ను తీసుకెళ్లి, మీరు రంగు వేయబోయే ప్యానెల్ మీద ఆనించి చూడండి. ఈ చిన్న పరీక్ష చాలామంది చేయరు. భాగం విప్పడంలో ఉన్న అసలు లాభమే ఇది, లిడ్ తన చోట ఉన్నంతసేపు తలుపుతోనో ముందు ఫెండర్‌తోనో పక్కపక్కన పెట్టి పోల్చలేరు. రెండూ ఒకే నిలువులో, ఒకే దిశలో ఉండాలి. ఎదురుగా నిలబడి చూడండి, తర్వాత పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి. నీడలో ఒకసారి, నేరుగా ఎండలో ఒకసారి. లిడ్ ఆ ప్యానెల్‌తో కలిసిపోతే నిశ్చింతగా తీసుకెళ్లండి. కలవకపోతే ఈ లిడ్ మీకు ప్రతినిధి కాదు. అప్పుడు కారునే తీసుకెళ్లి ఆ ప్యానెల్ మీదే కొలిపించాలి.

లిడ్ లోపలి వైపు టేపు అతికించి రంగు కోడ్, కారు మోడల్, తయారైన సంవత్సరం రాయండి. ‘నమూనా మాత్రమే, రంగు వేయవద్దు’ అని పెద్ద అక్షరాలతో రాయడం మరచిపోవద్దు. షెడ్డులో విడి భాగం కనిపిస్తే రంగు వేయడానికే వచ్చిందనుకోవడం సహజం. బయటి వైపు టేపు, స్టిక్కర్ ఏదీ వద్దు. లిడ్‌ను మెత్తటి గుడ్డలో చుట్టండి, బోల్టులను మాత్రం విడిగా చిన్న సంచిలో పెట్టి ఇంట్లోనే ఉంచండి.

లిడ్ లేకుండా కారు నడపవచ్చు, మూత బిగించి ఉంటే ఇంధనానికి ఇబ్బంది లేదు. వాన వచ్చేలా ఉంటే ఆ గుంట మీద ప్లాస్టిక్ షీటు పెట్టి మాస్కింగ్ టేపుతో అంచులు మూయండి. ఎండలో టేపును రోజుల తరబడి వదిలేస్తే జిగురు పెయింటుకు పట్టేస్తుంది, కాబట్టి లిడ్ తొందరగా తిరిగి వచ్చేలా చూసుకోండి.

దుకాణంలో

రంగు కొలిచే యంత్రం ఉందా అని ముందు అడగండి. మెటాలిక్, పెర్ల్ (ముత్యంలా మెరిసే) రంగులకు ఒకే కోణంలో కొలిచేది సరిపోదు. మంచి యంత్రాలు 15, 45, 110 డిగ్రీల వంటి కొన్ని కోణాల్లో చదువుతాయి. మెటాలిక్ రంగు ఎదురుగా ఒకలా, ఏటవాలుగా మరోలా కనిపిస్తుంది కనుక ఆ అన్ని కోణాలూ అవసరం. లిడ్ మీద రెండు మూడు వేర్వేరు చోట్ల కొలవమని చెప్పండి, ఒక్క గీతో మరకో కొలతను పక్కదారి పట్టించకుండా ఉంటుంది. యంత్రం లేకపోతే ఆ కోడ్‌కు వేరియంట్ల కార్డులు ఉన్నాయేమో అడిగి, వాటిని లిడ్ పక్కన పెట్టి చూడండి.

యంత్రం ఇచ్చిన ఫార్ములాతో నేరుగా డబ్బా నింపించుకుని రావద్దు. టెస్ట్ కార్డు అడగండి. ఒక కార్డు మీద బేస్ కోట్ (అసలు రంగు పొర) వేసి, దాని మీద క్లియర్ కోట్ కూడా వేసి, పూర్తిగా ఆరాక లిడ్ పక్కన పెట్టాలి. క్లియర్ లేని బేస్ కోట్ మసకగా, మెరుపు లేకుండా ఉంటుంది, దాన్ని లిడ్‌తో పోల్చి ‘కలిసింది’ అనడం అర్థం లేని మాట. డబ్బాలో కర్రతో కలిపి తడి రంగును చూసి నిర్ణయించడం ఇంకా అధ్వాన్నం.

కార్డు ఎవరు, దేనితో కొట్టారన్నది కూడా ముఖ్యమే. ఒకే రంగును స్ప్రే గన్ దూరంగా పెట్టి, ఎక్కువ గాలితో, పొడిపొడిగా కొడితే మెటాలిక్ రేకులు పైపైనే పరుచుకుని ఎదురుగా చూసినప్పుడు రంగు లేతగా కనిపిస్తుంది. దగ్గరగా, తడిగా కొడితే రేకులు లోపలికి మునిగి ముదురుగా వస్తుంది. అందుకే పని చేయబోయే గన్‌తోనే, పని చేయబోయే మనిషే కార్డు కొట్టాలి. మీరు స్ప్రే డబ్బాలో నింపించుకుంటుంటే ఆ డబ్బాతోనే కొట్టిన కార్డు చూడాలి.

మూడు పొరల పెర్ల్ తెలుపు, కాండీ ఎరుపు లాంటివైతే ఓపిక కావాలి. కింద ఒక రంగు, మధ్యలో సగం పారదర్శకమైన పెర్ల్ లేదా రంగు పొర, పైన క్లియర్ ఉంటాయి. మధ్య పొర ఎన్ని కోట్లు పడిందన్న దాన్ని బట్టి షేడు మారిపోతుంది. ఒకే కార్డు మీద మెట్లుగా ఒక కోటు, రెండు, మూడు, నాలుగు వేసి చూపించమనండి. లిడ్‌తో ఏ మెట్టు కలిస్తే అన్ని కోట్లే కారు మీద వేయాలి, ఆ సంఖ్యను కార్డు వెనకే రాయించండి.

పోల్చడానికి ట్యూబ్‌లైటు కింద నిలబడవద్దు, బయటికి రండి. ఒక వెలుతురులో కలిసినట్టు కనిపించి మరొక వెలుతురులో విడిపోయే రంగులుంటాయి, వాటిలో వాడిన పిగ్మెంట్లు (రంగు పొడులు) వేర్వేరు కావడమే కారణం. కలిసిందనిపిస్తే ఫార్ములా ప్రింటు తీసుకోండి. ఆరు నెలల తర్వాత మళ్లీ అవసరమైతే మళ్లీ మొదటి నుంచి రావాల్సిన పని ఉండదు. కార్డునూ మీతో తెచ్చుకుని, ఇంట్లో అసలు ప్యానెల్ మీద పెట్టి మరోసారి చూడండి.

ఇంత చేసినా వెండి రంగు, లేత గోధుమ మెటాలిక్ లాంటివి అంచు దగ్గర పట్టుబడతాయి. అప్పుడు తప్పు షేడుది కాదు, తలుపు అంచు దగ్గర గీత గీసినట్టు రంగు ఆపడానిది. పక్క ప్యానెల్‌లోకి బేస్ కోట్‌ను పలచబరుస్తూ తీసుకెళ్లి, దాని మీద మొత్తం క్లియర్ వేయడమే పెయింటర్లు చేసే పని. దాన్ని బ్లెండింగ్ అంటారు. బ్లెండింగ్ చేయాలి అని వారు చెబితే, వారికి షేడు కలపడం రాదని అనుకోకండి.

తిరిగి బిగించడం

పెన్సిల్ గుర్తులకు కీలు ఆనించి, బోల్టులను ముందు వేళ్లతోనే ఎక్కించండి. వేళ్లకు సాఫీగా తిరగకపోతే మరలు అడ్డంగా పడ్డాయని అర్థం, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. సగం బిగించాక లిడ్‌ను మెల్లగా మూసి చుట్టూ సందు చూడండి. ఒకవైపు ఇరుకుగా ఉంటే సరిచేసి ఆ తర్వాత పూర్తిగా బిగించండి. ఇవి చిన్న బోల్టులు, మణికట్టు బలం చాలు. బోల్టు తలల మీద రంగు లేచిపోయి ఉంటే, మిగిలిన పెయింటును సన్నటి కుంచెతో చుక్క అద్దండి. లేకపోతే ముందుగా తుప్పు పట్టేది అవే. మూత పట్టీ తగిలించి, కుక్కిన గుడ్డ తీశారో లేదో చూసుకోండి.

చివరి పరీక్ష కారు తాళం తీసి ఉండగానే చేయండి. లిడ్ రెండు మూడుసార్లు మూసి తెరిచి, లోపలి లీవర్‌తోనో నొక్కితేనో సరిగా తెరుచుకుంటోందని తేలాక అప్పుడు తాళం వేసి, లిడ్ గట్టిగా పట్టుకుందో లేదో చూసి, మళ్లీ తాళం తీసి తెరవండి. లాక్ పిన్ సరిగా కూర్చోలేదన్న సంగతి ఖాళీ ట్యాంకుతో బంకు దగ్గర తెలియడం కన్నా ఇప్పుడు తెలియడం నయం.